బ్రిటిష్ పన్నులపై అమెరికా వలసల ఆగ్రహం: ఈ అధ్యాయాన్ని చదవడం ఎలా

అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి కారణాలు రాయమంటే చాలామంది విద్యార్థులు చక్కెర చట్టం, స్టాంపు చట్టం, టౌన్షెండ్ చట్టాలు, తేయాకు చట్టం అని పేర్లనూ సంవత్సరాలనూ వరుసగా రాసి, ‘ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు’ అనే నినాదంతో జవాబు ముగిస్తారు. ఆ పేర్లూ సరైనవే, ఆ నినాదమూ సరైనదే. అయితే అలా చదివినవారిని ఒక ప్రశ్న ఇబ్బంది పెడుతుంది. 1764లో బ్రిటన్ మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే చిక్కటి పాకం) మీద సుంకాన్ని సగానికి తగ్గించింది. 1773లో అమెరికాలో తేయాకు ధర తగ్గేలా చట్టం చేసింది. భారం తగ్గిన ఈ రెండు సందర్భాల్లోనూ వలసవాసుల కోపం ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు చెప్పగలిగినప్పుడే ఈ అధ్యాయం అర్థమైనట్టు లెక్క. డిగ్రీ విద్యార్థులకూ, పోటీ పరీక్షలకు చదివేవారికీ, తరగతిలో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ ఉపయోగపడేలా, ఆ జవాబు వైపు నడిపించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి ఇది. ఒక్కో చట్టానికి ఒక్కో కాగితం కేటాయించండి. పైన చట్టం పేరు, సంవత్సరం రాశాక వెంటనే పన్ను రేటు రాయకండి. ముందుగా నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి: ఈ పన్నుకు సమ్మతి తెలిపినవారెవరు, వసూలు చేసే అధికారి ఎవరికి జవాబు చెప్పుకోవాలి, తగవు వస్తే తీర్పు చెప్పేదెవరు, వసూలైన సొమ్ము దేనికి ఖర్చవుతుంది. రేటును చివర రాయండి. ఈ క్రమం వట్టి అలంకారం కాదు. ఆనాటి కరపత్రాలలోనూ, శాసనసభల తీర్మానాలలోనూ వలసవాసులు ఎక్కువగా మాట్లాడింది ఈ నాలుగింటి గురించే గనుక, వారి వాదాన్ని వారి క్రమంలోనే చదవడం న్యాయం.

1763కు ముందున్న అలవాట్లతో మొదలుపెట్టండి

పాఠ్యపుస్తకాలు సాధారణంగా 1763 నుంచి కథ మొదలుపెడతాయి. మీరు కనీసం ఒక శతాబ్దం వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే పోయినదేమిటో తెలియకుండా పోయిందన్న బాధ అర్థం కాదు. వర్జీనియాలో 1619లోనే ఎన్నికైన ప్రతినిధుల సభ సమావేశమైంది. ఆ తరువాత ఏర్పడిన వలసలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో శాసనసభలు వచ్చాయి. స్థానిక పన్నులు వేసే అధికారం ఆ సభలదే. చాలా వలసలలో గవర్నరును రాజే నియమించేవాడు గానీ, ఆ గవర్నరుకు జీతం మంజూరు చేసేది మాత్రం స్థానిక సభ. రాజప్రతినిధి తమ మాట వినేలా చేయడానికి సభల చేతిలో ఉన్న ప్రధాన సాధనం ఈ జీతపు మంజూరే. ఈ వాక్యాన్ని మీ కాగితాల మొదటి పుటలో రాసుకోండి. 1767 దగ్గర ఇది మళ్ళీ అవసరమవుతుంది.

పార్లమెంటు చట్టాలు అప్పటికే లేకపోలేదు. 1651 నుంచి వచ్చిన నౌకాయాన చట్టాలు వలసల వాణిజ్యాన్ని బ్రిటిష్ నౌకలకు పరిమితం చేశాయి, పొగాకు, చక్కెర వంటి సరుకులను ఇతర దేశాలకు నేరుగా అమ్మకూడదన్నాయి. 1699లో ఉన్ని, 1732లో టోపీలు, 1750లో ఇనుము మీద ఆంక్షలు వచ్చాయి. వలసవాసులు వీటిని సామ్రాజ్య వాణిజ్యాన్ని క్రమబద్ధం చేసే నియమాలుగా మొత్తం మీద అంగీకరించారు, నచ్చనిచోట తప్పించుకున్నారు. 1733 నాటి మొలాసిస్ చట్టం దీనికి మంచి ఉదాహరణ. ఫ్రెంచి కరిబియన్ దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద గ్యాలనుకు 6 పెన్నీల సుంకం విధించారు. ఈశాన్య వలసల ప్రాంతమైన న్యూ ఇంగ్లండులోని రమ్ము బట్టీలు ఆ మొలాసిస్ మీదే ఆధారపడి నడిచేవి. ఆ సుంకం కడితే వ్యాపారమే సాగదు కాబట్టి వర్తకులు దొంగరవాణా చేశారు, సుంకపు అధికారులు లంచం పుచ్చుకొని ఊరుకున్నారు, లండన్ చూసీచూడనట్టు వదిలేసింది. ముప్పై ఏళ్ళు అమలు కాని చట్టాన్ని జనం చట్టంగా లెక్కించరు. అందువల్ల అమలు మొదలైన రోజున అది వారికి కొత్త దౌర్జన్యంలాగే కనిపించింది.

లండన్ పక్షం వాదాన్ని కూడా న్యాయంగా రాయండి

ఒక పక్షాన్ని మూర్ఖులుగా చూపిస్తే రెండో పక్షం వాదంలోని బలం కూడా తెలియకుండా పోతుంది. 1756 నుంచి 1763 వరకు సాగిన ఏడేళ్ళ యుద్ధంలో బ్రిటన్ గెలిచింది, ఫ్రాన్సు నుంచి కెనడాను పొందింది. కానీ దాని జాతీయ ఋణం సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్ల పౌండ్ల దరిదాపులకు పెరిగింది. అమెరికాలో సుమారు పదివేల మంది సైనికులను శాశ్వతంగా ఉంచాలని నిర్ణయించారు. ఆ ఖర్చులో కొంతైనా వలసలు భరించాలని ప్రధాని జార్జ్ గ్రెన్‌విల్ భావించాడు. ఇంగ్లండులో పన్నులు అప్పటికే వలసల కంటే చాలా ఎక్కువ. 1763లో ఆపిల్ సారా మీద వేసిన పన్నుకు ఇంగ్లండు పశ్చిమ ప్రాంతాల్లోనే అల్లర్లు జరిగాయి. సుంకపు ఉద్యోగులు ఇళ్ళలోకి వచ్చి సోదాలు చేస్తారనే భయం అక్కడి వారికీ కలిగింది. స్వదేశంలో ఇక పన్ను పెంచలేని మంత్రికి అమెరికా వైపు చూడటం సహజమే.

వలసవాసులకు మాత్రం అదే యుద్ధం వేరే లెక్క చెప్పింది. తామూ సైనికులను పంపారు, తామూ ఖర్చు పెట్టారు. ఫ్రెంచివారు వెళ్ళిపోయాక ఇక ఈ సైన్యం ఎవరి మీదికి అని అడిగారు. పైగా 1763 అక్టోబరులో రాజప్రకటన అపలేచియన్ పర్వతాలకు పడమట స్థిరపడకూడదని ఆదేశించింది. పాంటియాక్ నాయకత్వాన ఆదివాసీ జాతులు జరిపిన తిరుగుబాటు నేపథ్యంలో, వారితో కొత్త యుద్ధాలు రాకుండా లండన్ తీసుకున్న జాగ్రత్త ఇది. పడమటి భూములపై పెట్టుబడి పెట్టిన వర్జీనియా ప్రముఖులకూ, భూమి కోసం ఎదురుచూస్తున్న సామాన్య రైతులకూ అది అడ్డుగోడ అయింది. ఇక్కడ విద్యార్థి ఒక విషయం మరచిపోకూడదు: ఆ భూములు ఆదివాసులవి. వలసవాసుల ఫిర్యాదు ఎంత నిజాయితీగా వినిపించినా, దానిలో పరాయివారి భూమిపై ఆశ కూడా కలిసి ఉంది.

చక్కెర చట్టం: నాలుగు ప్రశ్నలను మొదటిసారి ప్రయోగించండి

1764 నాటి చక్కెర చట్టం మొలాసిస్ సుంకాన్ని 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకు తగ్గించింది. రేటు మాత్రమే చూస్తే ఇది ఉపశమనం. ఇప్పుడు ప్రశ్నలు వేయండి. సమ్మతి తెలిపిందెవరు? వలసల నుంచి ఒక్క సభ్యుడూ లేని పార్లమెంటు. ఆ పార్లమెంటు కూడా, ఇది వాణిజ్య క్రమబద్ధీకరణ అనకుండా, ఆదాయం సేకరించడం కోసమని చట్టం పీఠికలోనే రాసింది. వసూలు చేసేదెవరు? అప్పటివరకు ఇంగ్లండులో కూర్చొని ప్రతినిధుల ద్వారా పని నడిపించిన సుంకపు అధికారులు ఇప్పుడు స్వయంగా అమెరికా రేవులకు వచ్చారు. పట్టుబడ్డ సరుకులో వారికి వాటా ఉండేది. తీర్పు చెప్పేదెవరు? ఈ జవాబు దగ్గర కాసేపు ఆగండి.

సుంకపు కేసులను జ్యూరీ లేని వైస్ అడ్మిరాల్టీ కోర్టులకు (సముద్ర వ్యవహారాల కోర్టులు) తీసుకువెళ్ళే వీలు కల్పించారు. నోవా స్కోషియాలోని హాలిఫాక్స్‌లో మొత్తం అమెరికాకు వర్తించే కొత్త కోర్టు పెట్టారు. సరుకు సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవలసిన బాధ్యత యజమాని మీదే పడింది. అతడు కేసు గెలిచినా, పట్టుకోవడానికి తగిన కారణం ఉందని న్యాయమూర్తి ధ్రువీకరిస్తే, అధికారి మీద నష్టపరిహారం కోరే దారి మూసుకుపోయేది. బోస్టన్‌లోని ఒక ఓడ యజమాని స్థానంలో ఉండి ఆలోచించండి. తనను తెలిసిన ఇరుగుపొరుగువారు జ్యూరీలో కూర్చొని తీర్పు చెప్పే పద్ధతి పోయి, వందల మైళ్ళ దూరంలో ఒకే న్యాయమూర్తి ముందు తానే నిర్దోషినని రుజువు చేసుకోవలసిన పద్ధతి వచ్చింది. సుంకం సగమైంది, వసూలు యంత్రాంగం కఠినమైంది. మొదట వేసుకున్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

అదే ఏడాది వచ్చిన కరెన్సీ చట్టం న్యూ ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వలసలు కాగితపు నోట్లను చట్టబద్ధమైన చెల్లింపుగా జారీ చేయకుండా నిషేధించింది. దీన్ని ఒక్క పేరాలో రాస్తే చాలు, కానీ వదిలేయకండి. వెండి నాణేలకు కటకటగా ఉన్న చోట, యుద్ధానంతర మాంద్యంలో, ఉన్న నోట్లనూ బిగించి కొత్త సుంకాలు కట్టమనడం అప్పులపాలైన రైతుకూ వర్తకుడికీ నేరుగా తగిలింది.

స్టాంపు చట్టానికి ఎక్కువ సమయం ఇవ్వండి

1765 మార్చి 22న ఆమోదం పొంది నవంబరు 1 నుంచి అమలు కావలసిన ఈ చట్టం మీద మీ శ్రమలో పెద్ద వాటా పెట్టండి. ఇంతకుముందు సుంకాలు రేవుల్లో కట్టేవి, వర్తకుడికి తప్ప ఇతరులకు కనిపించనివి. ఇది వలసల లోపలి జీవితం మీద పార్లమెంటు వేసిన మొదటి ప్రత్యక్ష పన్ను. వార్తాపత్రికలు, పంచాంగాలు, కరపత్రాలు, దస్తావేజులు, వీలునామాలు, సారాయి దుకాణాల లైసెన్సులు, చివరికి పేకముక్కలు, పాచికలు కూడా ముద్ర వేసిన కాగితం మీదో, ముద్రతోనో ఉండాలి. పేక కట్టకు 1 షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు, విశ్వవిద్యాలయ పట్టాకు 2 పౌండ్లు. ఇంగ్లండులో ఇలాంటి పన్ను 1694 నుంచీ ఉంది కాబట్టి గ్రెన్‌విల్‌కు ఇందులో వింతేమీ తోచలేదు.

ఈ పన్ను ఎవరి మీద పడిందో జాబితా వేసి చూడండి: న్యాయవాదులు, ముద్రాపకులు, వర్తకులు, పూటకూళ్ళ ఇళ్ళవారు. సమాజంలో బాగా మాట్లాడగలవారు, బాగా రాయగలవారు, వార్త పదిమందికీ చేరవేయగలవారు వీరే. వీరందరినీ ఒకేసారి నొప్పించడం లండన్ చేసిన రాజకీయమైన పొరపాటు అని నా అభిప్రాయం. మే నెలాఖరులో వర్జీనియా సభలో ప్యాట్రిక్ హెన్రీ ప్రవేశపెట్టిన తీర్మానాలు పన్ను వేసే హక్కు తమ సభదేనని ప్రకటించాయి. ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపు పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. ఆయన ఆ పదవి వదులుకున్నాడు. అదే నెల 26న లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటిని గుంపు ధ్వంసం చేసింది. ఆ చట్టం అవివేకమైనదని హచిన్సన్ కూడా లోలోపల భావించాడు. అయినా గుంపు ఆయన ఇంటిని వదలలేదు. అక్టోబరులో న్యూయార్క్‌లో తొమ్మిది వలసల ప్రతినిధులు సమావేశమై హక్కుల ప్రకటన చేశారు. దానిలో పన్నుకు సమ్మతి, జ్యూరీ విచారణ రెండూ పక్కపక్కనే ఉన్నాయన్నది గమనించి రాసుకోండి.

ప్రాతినిధ్యం గురించిన వాదాన్ని ఇక్కడే పరిష్కరించుకోవాలి. లండన్ పక్షాన థామస్ వేట్లీ వంటివారు, పార్లమెంటు సభ్యులు తమను ఎన్నుకున్న ఊరికే గాక బ్రిటిష్ ప్రజలందరికీ ప్రతినిధులని వాదించారు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వంటి పట్టణాలు కూడా సొంతంగా సభ్యులను పంపడం లేదు, అయినా పన్ను కడుతున్నాయి కదా అన్నారు. మేరీలాండ్ న్యాయవాది డేనియల్ డ్యూలనీ దీనికి పదునైన జవాబు ఇచ్చాడు. ఇంగ్లండులో ఓటు లేనివాడి మీద పడిన పన్ను ఓటున్నవాడి మీదా, సభ్యుడి మీదా కూడా పడుతుంది. ఆ సమాన భారమే అతడికి రక్షణ. అమెరికా మీద వేసిన పన్ను మాత్రం వేసినవారి బరువును తగ్గిస్తుంది. అలాంటప్పుడు వారు తమకు ప్రతినిధులెలా అవుతారు? 1689 నాటి హక్కుల చట్టం రాజు పార్లమెంటు సమ్మతి లేకుండా పన్ను వేయరాదని చెప్పింది. ఆంగ్లేయులుగా అదే హక్కును తమ సభల ద్వారా వలసవాసులు కోరారు. అప్పటికి వారు కోరింది స్వాతంత్ర్యం కాదని జవాబులో స్పష్టంగా రాయండి.

బ్రిటిష్ సరుకుల బహిష్కరణతో లండన్ వర్తకులే రద్దు కోరారు. 1766 మార్చి 18న స్టాంపు చట్టం రద్దయింది. అదే రోజున, వలసలను అన్ని విషయాల్లోనూ శాసించే అధికారం తనకుందని పార్లమెంటు డిక్లరేటరీ చట్టంలో రాసుకుంది. చాలా నోట్సుల్లో రద్దు ఉంటుంది, ఈ రెండో చట్టం ఉండదు. రెండింటినీ ఒకే కాగితం మీద రాయండి.

టౌన్షెండ్ చట్టాలలో సొమ్ము ఎక్కడికి పోయిందో చూడండి

1767లో బ్రిటన్ ఆర్థిక మంత్రి ఛార్లెస్ టౌన్షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద దిగుమతి సుంకాలు వేశాడు. సరుకుల పేర్లు కంఠస్థం చేయడం కంటే నాలుగో ప్రశ్న ముఖ్యం. ఈ సొమ్ముతో గవర్నర్లకూ న్యాయమూర్తులకూ జీతాలివ్వాలన్నది ఉద్దేశం. మొదటి పుటలో రాసుకున్న వాక్యం ఇప్పుడు చూడండి: సభల చేతిలోని ప్రధాన సాధనం జారిపోతుందన్నమాట. పెన్సిల్వేనియా నుంచి జాన్ డికిన్సన్ రాసిన పన్నెండు లేఖలు, ఈ సుంకాలు చిన్నవి కావడమే ప్రమాదమని హెచ్చరించాయి. చిన్నదని కడితే హక్కును ఒప్పుకున్నట్టవుతుంది. సైనికుల వసతికి ఖర్చు పూర్తిగా ఇవ్వనన్న న్యూయార్క్ సభను, ఇచ్చేదాకా చట్టాలు చేయకుండా నిలిపివేస్తూ పార్లమెంటు అదే ఏడాది మరో చట్టం చేసింది. ఇక్కడ ఒక సాధారణ తప్పును సరిదిద్దుకోండి: 1765 వసతి చట్టం జనం కాపురమున్న ఇళ్ళలో సైనికులను పెట్టమనలేదు. బారకాసులు, సత్రాలు, ఖాళీ భవనాలు చూపించి, దుప్పట్లు, కొవ్వొత్తులు, ఉప్పు వంటివి స్థానిక ఖర్చుతో ఇవ్వమంది. అభ్యంతరం కూడా ఆ ఖర్చు మీదే.

1770 మార్చి 5న బోస్టన్‌లో సైనికుల కాల్పులకు ఐదుగురు బలయ్యారు. అదే రోజున లండన్‌లో ప్రధాని లార్డ్ నార్త్ తేయాకు తప్ప మిగతా సుంకాల రద్దును ప్రతిపాదించాడు. పౌను తేయాకుకు 3 పెన్నీల సుంకాన్ని, హక్కుకు గుర్తుగా, ఉంచేశారు.

తేయాకు చట్టం: చౌక సరుకు ఎందుకు చేదైంది

ఇక్కడ కథ మన నేలతోనూ ముడిపడుతుంది. స్టాంపు చట్టం రద్దయిన 1766లోనే నిజాంతో ఒప్పందం ద్వారా, గుంటూరు మినహా ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. అంతకు ముందు ఏడాదే బెంగాల్ దివానీ, అంటే అక్కడ పన్నులు వసూలు చేసుకునే హక్కు, వచ్చింది. ఇంత రాబడి వచ్చినా కంపెనీ యుద్ధాల ఖర్చుతో, ఉద్యోగుల దోపిడీతో, బెంగాల్ కరువు తరువాతి పరిస్థితులతో 1772 నాటికి దివాళా అంచున నిలిచింది. లండన్ గోదాముల్లో చైనా తేయాకు కోటి పౌన్లకు పైగా పేరుకుపోయింది. 1773 చట్టం కంపెనీకి ఇంగ్లండులో కట్టే సుంకాన్ని తిరిగి ఇచ్చి, తాను ఎంచుకున్న ఏజెంట్ల ద్వారా అమెరికాలో నేరుగా అమ్మే వీలు కల్పించింది. దాంతో దొంగరవాణా డచ్చి తేయాకుతో పోటీపడే ధరకు అది దొరుకుతుంది. 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంది.

మొదటి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇదే. ధర తగ్గించి, హక్కును మింగించే ఏర్పాటుగా వలసవాసులు దీన్ని చూశారు. గుత్తాధిపత్యం ఇవాళ తేయాకుతో మొదలై రేపు అన్ని సరుకులకూ పాకుతుందని వర్తకులు భయపడ్డారు. వారిలో దొంగరవాణాదారుల స్వార్థమూ ఉంది, అది దాచనక్కరలేదు. బెంగాల్‌లో కంపెనీ చేసిన పనులను డికిన్సన్ వంటివారు తమ రాతల్లో హెచ్చరికగా చూపించారు. న్యూయార్క్, ఫిలడెల్ఫియాలకు వచ్చిన ఓడలను తిప్పి పంపారు. బోస్టన్‌లో గవర్నరు హచిన్సన్ ఓడలను వెనక్కి వెళ్ళనివ్వలేదు. సుంకం కట్టవలసిన గడువు ముగియబోయే ముందు, డిసెంబరు 16 రాత్రి, 342 పెట్టెల తేయాకును రేవులో పారబోశారు.

1774లో వచ్చిన ప్రతీకార చట్టాలలో పన్ను ఒక్కటీ లేదన్నది విద్యార్థులు తరచు గమనించరు. బోస్టన్ రేవు మూసివేత, మసాచుసెట్స్ ఎగువ మండలిని రాజే నియమించడం, పట్టణ సభలను ఏడాదికి ఒకటికి పరిమితం చేయడం, అధికారుల మీది కేసులను వేరే చోటికి తరలించే వీలు, ఇవన్నీ అధికారమూ న్యాయమూ ఎవరి చేతిలో ఉండాలన్న తగవులే. ఆ సెప్టెంబరులో పన్నెండు వలసలు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్‌గా కూడాయి.

జవాబు రాసేటప్పుడు పాటించవలసినవి

వలసవాసులు అన్న మాటను ఒకే మనిషిలా వాడకండి. రాజభక్తులుగా మిగిలినవారు వేలాదిగా ఉన్నారు. ఇరవై అయిదు లక్షల జనాభాలో సుమారు అయిదో వంతు బానిసలే. స్వేచ్ఛ గురించి తీర్మానాలు రాసిన సభ్యులలో చాలామంది వారి యజమానులు. 1773లో మసాచుసెట్స్‌లో కొందరు బానిసలు తమ విముక్తి కోరుతూ శాసనసభకు అర్జీలు పెట్టుకున్నారు. స్వేచ్ఛ అన్న అదే మాటను తమ పక్షాన వాడుకున్నారు. ఈ వాక్యం జవాబులో ఉండాలని నేను గట్టిగా కోరతాను. అలాగే స్టాంపు పన్నును జమైకా, బార్బడోస్ కట్టాయి. అక్కడ బానిసల సంఖ్య యజమానుల కంటే చాలా ఎక్కువ కావడంతో తెల్ల తోటల యజమానులకు బ్రిటిష్ సైన్యం అండ అవసరమైంది. అదే చట్టం రెండు చోట్ల రెండు ఫలితాలిచ్చిందంటే, చట్టం ఒక్కటే కారణం కాదని తేలుతుంది.

చివరగా మీ కాగితాలను పక్కన పెట్టుకొని 1776 జులై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద చేసిన 27 ఆరోపణలను చదవండి. సమ్మతి లేని పన్ను గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క పంక్తి. జ్యూరీ విచారణ తీసివేశారన్నది దాని వెంటనే వస్తుంది. శాసనసభలను రద్దు చేయడం, న్యాయమూర్తుల జీతాలు, కొత్త అధికారుల గుంపులు, శాంతికాలపు సైన్యం చాలా చోటు ఆక్రమించాయి. ఒక్కో ఆరోపణ ఎదుట, అది ఏ చట్టం నుంచి పుట్టిందో మీ కాగితాలు చూసి రాయండి. ఎక్కడ రాయలేకపోయారో ఆ చట్టాన్ని మళ్ళీ చదవండి.